ఆరు రంధ్రాల ఫ్లాంజ్

మధ్యాహ్నం మూడు గంటలకు ఉమాపతి చేతిలో ఉన్న సరుకు ఇంతే. ఒక ఉక్కు ఫ్లాంజ్. నూనె మరకల ప్రింటు కాగితం ఒకటి. దొంగ అనిపించుకుని నాచారం షెడ్డు గుమ్మంలో గొంతుక్కూర్చున్న మనిషి ఒకడు.

గడువు సాయంత్రం ఆరు. ఆరు దాటితే ఓనరు గోపాలరావు పోలీస్ స్టేషన్‌కు వెళ్తాడు. ఎఫ్.ఐ.ఆర్.లో ఆ గుమ్మంలోని మనిషి, ఫోర్‌మన్ బుచ్చిరాములు పేరు ఎక్కుతుంది.

ఉమాపతి ఒకప్పుడు ఉప్పల్‌లో బేరింగుల దుకాణం నడిపాడు. ఇప్పుడు అదే గదికి ‘ప్రైవేట్ డిటెక్టివ్’ అని బోర్డు తగిలించాడు. షెడ్ల వాళ్ళు మాత్రం ఇంకా సేటనే పిలుస్తారు. బుచ్చిరాములు నిన్న సాయంత్రం నుంచీ గోల పెడితే, గోపాలరావు విసిగిపోయి ఇతన్ని పిలిపించాడు. నమ్మకం ఉండి కాదు. నోరు మూయించడానికి.

ఫ్లాంజ్ అంటే రెండు పైపుల మూతులు కలిపి బిగించే బిళ్ళ. ఉమాపతి దాన్ని వేలితో తిప్పాడు. బోల్టు రంధ్రాలు ఆరు.

“ఎన్ని ఉండాలె?”

“ఎనిమిదంట. సరుకు బొంబాయికి పోయి తిరిగొచ్చినంక అంటున్నరు. నాకొచ్చిన డ్రాయింగుల ఆరే ఉన్నయి సేటూ. సూడు.”

కాగితం మీదా ఆరే.

గోపాలరావు వాదన బలంగానే ఉంది. దసరాకు వారం ముందే ఉప్పల్ ఆఫీసులో డ్రాయింగు మార్చారు. అక్కడ ఏ కంప్యూటర్‌లో చూసినా ఎనిమిదే. ఈ కాగితం పాత ప్రింటు. బుచ్చిరాములు దాన్ని దాచిపెట్టి, కావాలని దాని ప్రకారమే కోయించాడు. బొంబాయి ఆర్డరు ఇక మల్లాపూర్ షెడ్డుకు పోతుంది.

“మీ బావ మల్లాపూర్ షెడ్డుల పని చేస్తడట కద?”

“చేస్తడు. బావ ఉంటే తప్పా? బావలున్నోళ్ళందర్ని లోపలెయ్యాలంటే స్టేషన్ సాలదు సేటూ.”

“కాగితం ఎప్పుడు తీసినవ్?”

“దసరా తెల్లారి. గీ డబ్బాల్నే.”

డబ్బా షెడ్డు మూలన ఉంది. పాత కంప్యూటర్. ఫ్లాపీతో లేస్తుంది. లోపల దేన్నీ దాచుకునే చోటు లేదు. ఏ డ్రాయింగు కావాలన్నా ఫోను లైను మీద ఉప్పల్ సర్వర్‌ను అడిగి తెచ్చుకోవాలి, ప్రింటు కొట్టాలి, మరిచిపోవాలి. ఆయుధపూజ నాటి పసుపు కుంకుమలు దాని నొసట అలాగే ఉన్నాయి. ప్రింటర్ మీద ఎండిన బంతిపూల దండ.

“మళ్ళ తియ్యి.”

మోడెమ్ కూత పెట్టింది. తెర మీద ఒకే వరుస. 406 Not Acceptable.

“నిన్నటి సంది గిదే. ఉప్పల్ ఆఫీసుల మురళీధర్ సారుకు ఫోన్ జేస్తే డబ్బా ఖరాబైందన్నడు.”

“వేరే డ్రాయింగులు తియ్యి.”

తీశాడు. ఒకటి, రెండు, మూడు. అన్నీ తెర మీదికి వచ్చాయి. ప్రింటర్ గరగరలాడింది. ఖరాబైన డబ్బా ఇలా పనిచేయదు.

ఉమాపతి కాలు ఊగడం మొదలుపెట్టింది. లెక్క కుదరనప్పుడల్లా అంతే.

“ఇప్పుడు లేని పేరు కొట్టు. నోటికేదొస్తే గది.”

బుచ్చిరాములు రెండు వేళ్ళతో బావ పేరు కొట్టాడు.

404 Not Found.

“మీ బావ లేడట.”

బుచ్చిరాములు నవ్వబోయి ఆగిపోయాడు. ఉమాపతి నవ్వలేదు. కొత్త ప్రింట్లు మూడూ, పాత కాగితమూ పక్కపక్కన పరిచాడు. వెలుగుకు పట్టి చూశాడు. మడిచి సంచిలో పెట్టాడు. ఫ్లాంజ్ కూడా.

“ఆటో ఎక్కు. ఉప్పల్ ఆఫీసుకు పోదాం.”

“నేనా? ఆడికొస్తే సారు కొడతడు.”

“సరుకు లేకుంట బేరమెట్ల అయితది? ఎక్కు.”

హబ్సిగూడ దగ్గర ఆటో ఆగిపోయింది. ముందు లారీలు. బుచ్చిరాములు గడియారం అడుగుతూనే ఉన్నాడు. ఉమాపతి మనసు ఆ రెండు అంకెల మీదే ఉంది. దుకాణంలో తనూ రెండు రకాలుగా ‘లేదు’ అనేవాడు. సరుకే లేకపోతే ఒక రకం. సరుకుండి, గిరాకీ పట్టుబట్టిన కంపెనీది లేకపోతే ఇంకో రకం. రెండో గిరాకీని ఊరికే పోనిచ్చేవాడు కాదు.

ఉప్పల్ ఆఫీసు చేరేసరికి అయిదు దాటింది.

గోపాలరావు చెప్పులు తొడుక్కుని సిద్ధంగా ఉన్నాడు. “వీణ్ణెందుకు తెచ్చారండీ? నేనే స్టేషన్‌కు బయల్దేరుతున్నాను కదా!”

“ఆరుదాంక గడువు నాదే రావుగారూ. కూసోండి. సర్వర్ గది తాళం ఎవరి దగ్గరుంది?”

“నా దగ్గరే. నిన్న బొంబాయి ఫోను రాగానే వేయించాను. సాక్ష్యం చెదరకూడదని.”

“ఫోనొచ్చినప్పుడు లోపల ఎవరున్నరు?”

“మురళీధర్. వాడి పనే అక్కడ. బయటికి పిలిచి తాళం వేశాను.”

కంప్యూటర్లు చూసుకునే మురళీధర్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. డ్రాయింగులు గీసే హైమావతి టేబుల్ ముందు కూర్చుంది.

“అమ్మా, ఫ్లాంజ్ బొమ్మ తెరువుండ్రి.”

తెరిచింది. ఎనిమిది రంధ్రాలు, ముద్దుగా.

“చూశారుగా!” అన్నాడు గోపాలరావు.

“చూసిన. గిదే పేరుతోని షెడ్డు అడిగితే 406 అంటున్నది. లేని పేరు అడిగితే 404. ఫరకేంది?”

“ఆ డబ్బా పాతది సార్,” అన్నాడు మురళీధర్. “ఏదో ఒకటి చూపిస్తుంది.”

“నిన్ను అడగలే తమ్మీ. అమ్మా, మీరు చెప్పుండ్రి.”

హైమావతి కళ్ళజోడు సవరించుకుంది. “404 అంటే ఆ పేరుతో ఏమీ లేదని. 406 అంటే ఉంది, కానీ మీరు తీసుకోగలిగిన రకంలో లేదని.”

“రకాలెన్ని?”

“ఒక్కో డ్రాయింగుకు రెండు రకాల బొమ్మ ఫైళ్ళండీ. png ఒకటి, gif ఒకటి. పేరు ఒకటే. అడిగే కంప్యూటర్ తనకేం కావాలో ముందే చెబుతుంది. నాది png అంటుంది, gif అంటుంది, చివర నక్షత్రం గీత నక్షత్రం పెడుతుంది. అంటే ఏదైనా సరే అని. రెండూ ఉంటే సర్వర్ png ఇచ్చేట్టు పెట్టాం.”

“షెడ్డు డబ్బా?”

“gif ఒక్కటే అంటుంది. దానికి ఇంకేదీ తెరవడం రాదు.”

“మరి ఏది కొత్తది, ఏది పాతది అని సర్వర్ చూస్తదా?”

హైమావతి తల అడ్డంగా ఊపింది. “చూడదండీ. అడిగిన రకమా, కాదా. అంతే.”

ఆమె ముఖం మారిపోయింది. ఉమాపతి ఆమెను తొందరపెట్టలేదు.

“మీరు దిద్దింది ఏ రకం?”

“png. దిద్ది సేవ్ చేస్తాను. దాన్నుంచి gif చేసి పక్కన పెట్టేది మురళి.”

అందరూ మురళీధర్ వైపు తిరిగారు. కింద రోడ్డు మీద బస్సు హారన్ ఒకటే పనిగా మోగింది.

“నేను పెట్టలేదు సార్,” అన్నాడు మురళీధర్. “ఒప్పుకుంటున్నా. ఆ ఫ్లాంజ్‌కు gif ఎప్పుడూ చేయనే లేదు. అందుకే 406. అంటే షెడ్డుకు ఈ డ్రాయింగు అసలు రాలేదు. వచ్చిందని ఇతను అబద్ధం చెబుతున్నాడు. ఆ కాగితం నేను చేరకముందు, ఈ సర్వర్ లేని రోజుల్లో తీసినది.”

“సూసినవా సేటూ!” బుచ్చిరాములు లేవబోయాడు. ఉమాపతి భుజం నొక్కి కూర్చోబెట్టాడు. ఇంతసేపూ ఎదురుచూసింది మురళీధర్ నోటి నుంచి ఆ మాట కోసమే.

సంచి తెరిచాడు. నాలుగు కాగితాలు టేబుల్ మీద పరిచాడు.

“గీ మూడు ఇయ్యాల నా ముందల తీసినయి. గిది రాములు దసరా తెల్లారి తీసిన అంటున్నది. ఎడమ అంచు సూడుండ్రి రావుగారూ.”

గోపాలరావు వంగాడు. “నూనె మరకలు.”

“నూనె పచ్చగుంటదా?”

పసుపు. వేలిముద్రంత మచ్చ. జానెడు కింద ఇంకోటి, కొంచెం వెలిసి. ఆ కింద మరొకటి. నాలుగు కాగితాల్లోనూ అదే వరుస, అదే ఎడం.

“ఆయుధపూజ నాడు షెడ్డుల ప్రింటర్‌కు గూడ బొట్టు వెట్టిన్రు. పసుపు లోపల రోలర్‌కు అంటింది. రోలర్ తిరిగినప్పుడల్లా కాగితం మీద మచ్చ వేస్తది. చేత్తోని పెడితే నాలుగింటి మీద ఒక్క తీరు పడదు. దసరాకు ముందు తీసిన కాగితానికి గీ పసుపెట్ల వచ్చింది?”

గోపాలరావు మచ్చ మీద వేలు పెట్టి మురళీధర్ వైపు చూశాడు.

“దసరా అయినంక ఆరు రంధ్రాల బొమ్మ సర్వర్ మీదనే ఉన్నది. షెడ్డు gif అడిగింది, సర్వర్ ఇచ్చింది. ఇయ్యాల లేదంటున్నది. నడుమల ఎవరో తీసేసిన్రు. తాళం పడేదాంక లోపలున్నది ఒక్కడే.” ఉమాపతి మురళీధర్ వైపు తిరిగాడు. “పాతది తీసి, ఎంబడే కొత్తది పెట్టి ఉంటే నాకు దొరక్కపోతుంటివి తమ్మీ.”

మురళీధర్ కుర్చీలో కూలబడ్డాడు.

“పెడదామనే అనుకున్నా సార్. నిన్న బొంబాయి ఫోను సంగతి వినగానే పాతది తీసేశాను. అంతలో గోపాలరావు సార్ వచ్చి బయటికి రమ్మన్నారు. అప్పట్లో gif మార్చడం దసరా సెలవుల హడావిడిలో మరిచిపోయాను. అంతే. ఉద్యోగం పోతుందని భయం వేసింది.”

“నీ ఉద్యోగం కోసం నన్ను జైలుకు తోలుతవా?” బుచ్చిరాములు గొంతు పెద్దగా లేదు. “నిన్న ఫోన్ జేస్తే ఏమన్నవ్? ఫికర్ జెయ్యకు రాములన్నా అన్నవ్.”

గోపాలరావు చెప్పులు విడిచాడు. గోడ గడియారం ఆరుకు పావు తక్కువ చూపిస్తోంది.

“రాములూ, రేపు పనిలోకి వచ్చెయ్యి. జరిగిందేదో జరిగింది.”

“వస్త సార్. కానీ దొంగ అని ఈడ అనలే మీరు. షెడ్డుల అందరి ముందల అన్నరు. కాదని గూడ ఆడనే అనాలె.”

గోపాలరావు చెప్పులు మళ్ళీ తొడుక్కున్నాడు. తర్వాత కారు తాళాలు తీశాడు.

షెడ్డులో రెండో షిఫ్టు వాళ్ళు లేతు మిషన్లు ఆపి నిలబడ్డారు. గోపాలరావు ఎక్కువ మాట్లాడలేదు. బుచ్చిరాములు తప్పు లేదన్నాడు, తానే తొందరపడ్డానన్నాడు. మిషన్లు మళ్ళీ తిరిగాయి.

ఒక వర్కరు తడిగుడ్డ తెచ్చి ప్రింటర్ మూత ఎత్తాడు.

“ఆగురా,” అన్నాడు బుచ్చిరాములు. “రోలర్ ముట్టకు. మచ్చ పడితే పడనీ.”

ఉమాపతి రోడ్డు మీదికి వచ్చి లెక్క చూసుకున్నాడు. ఫ్లాంజ్ తుక్కులోకి పోయింది. కాగితం హైమావతి తీసుకుంది. షెడ్డులో తెరిచి చూడనిదే ఏ డ్రాయింగూ అయిపోయినట్టు కాదని దాని మీద రాసి ఆఫీసు గోడకు అంటిస్తానంది. ఫీజు గోపాలరావు రేపంటున్నాడు. మధ్యాహ్నం చేతిలో ఉన్న మూడు సరుకుల్లో ఒకటి, ఆ మనిషి, మాత్రం తిరిగి చోటుకు చేరింది. లోపల లేతు ముందు నిలబడి, ఎవణ్ణో తన బావ పేరు పెట్టి తిడుతోంది.