పదిహేను నిమిషాలకోసారి

పొద్దున్నే పాలు స్టవ్ మీద పెట్టి, అవి పొంగిపోతున్నా అలాగే నిలబడిపోయింది ఆ తల్లి. ధ్యాసంతా గదిలో పురిటి నొప్పులు పడుతున్న కూతురి మీదే ఉంది మరి.

ఇంట్లోనే కాన్పు చేయడానికి మిడ్‌వైఫ్ వచ్చి గంటయింది. నొప్పి తగ్గగానే ఒక చేత్తో కూతురి మణికట్టు పట్టుకుని, బిడ్డ గుండె చప్పుడు వినిపించే చిన్న డాప్లర్‌ను రెండో చేత్తో పొట్టకు ఆనించి, నిమిషంపాటు లెక్కపెడుతుంది. "నూట ముప్ఫై ఎనిమిది, బాగుంది" అని రాసుకుంటుంది. మళ్లీ పదిహేను నిమిషాలదాకా ఆ ఊసే ఎత్తదు.

"మధ్యలో ఏమైనా అయితేనో?" అంది తల్లి.

"అన్నీ సవ్యంగా ఉన్న కాన్పుకి ఇది చాలు పిన్నిగారూ. తేడా వస్తే వెంటనే ఆసుపత్రికే."

చాలట! వినని ఆ పద్నాలుగు నిమిషాల సంగతేంటి? అనుకుంది తల్లి.

మిడ్‌వైఫ్ చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే, తల్లి ఎవరికీ చెప్పకుండా కొని బీరువాలో దాచిన అలాంటి యంత్రమే తీసి కూతురి పొట్టకు ఆనించింది. చప్పుడు నెమ్మదిగా వినిపించింది. తెరమీద తొంభై రెండు!

"అయ్యో, కొంప మునిగింది! బిడ్డ గుండె ఆగిపోతోంది!"

"అమ్మా! నా బిడ్డకేమైంది?" కూతురి ముఖం పాలిపోయింది.

మిడ్‌వైఫ్ పరుగున వచ్చి మణికట్టు పట్టుకుంది. తొంభై రెండు. డాప్లర్ కాస్త కిందికి జరిపింది. నూట నలభై.

"మీరు విన్నది మీ అమ్మాయి నాడి, పిన్నిగారూ. రెండూ కలగాపులగం కాకూడదనే నేను చెయ్యి పట్టుకుని వింటాను."

కూతురు భగ్గుమంది. "నీ భయం నాకెందుకు అంటిస్తావు? ప్రాణం పోయినంత పనైంది! బయటికెళ్లు!"

తల్లి గుమ్మందాకా వెళ్లి ఆగింది. "నీకంటే ముందు ఒక పాప పుట్టిందే. ఆ కాన్పులో గుండె చప్పుడు ఎవరూ వినలేదు. అది ఏడవనేలేదు."

"అందుకేనా, నేను నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదానివి?" అంది కూతురు, కళ్లు తుడుచుకుంటూ. "ఇలా రామ్మా."

మిడ్‌వైఫ్ ఆ మణికట్టును తల్లి వేళ్లకిచ్చింది. "ఇది మీరు లెక్కపెట్టండి. పొట్టలోది నేను వింటాను."

ముక్కే నొప్పులు మొదలయ్యాక ఐదు నిమిషాలకోసారి విన్నారు. ప్రతిసారీ తల్లి కూతురి నాడి లెక్కపెట్టింది.

మధ్యాహ్నానికి బిడ్డ కేరుమంది. తల్లి మాత్రం కూతురి మణికట్టు వదల్లేదు.

"పుట్టేసిందిగా అమ్మా, ఇంకా ఎందుకు?"

"ఉండవే, లెక్క తప్పుతుంది" అంది తల్లి, వెక్కిళ్ల మధ్య.