గుడియాత్తం లైన్‌లో రెండో గొంతు

“క్లోరేటు అంటే తెలుసా, చంద్రశేఖరం?” అన్నాడు చీఫ్.

“అగ్గిపుల్ల తలకు పూసేది సార్.”

“చిటికెడుంటే అగ్గిపుల్ల. పది టన్నులుంటే బాంబు. ఆ పది టన్నులూ అరక్కోణం యార్డులో ఒక వ్యాగన్‌లో ఉన్నాయి. సముద్రం అవతలి ముఠా ఒకటి దానిమీద కన్నేసింది. ఎన్నికలకు పది రోజులే టైముంది. వేలూరు కోట మైదానంలో లక్షమందితో సభ. ఇంక చెప్పాలా?”

అక్కర్లేదు. గూఢచారి శాఖ సెక్షన్ నైన్‌లో పదకొండేళ్లుగా నానా వేషాలూ వేసిన చంద్రశేఖరానికి మిగతాది అర్థమైంది. 1989 జనవరి అది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలకు క్లోరేటు పంచే పనిని కొత్తగా కంప్యూటర్‌కు అప్పగించారు. వేలూరులో పెద్ద మెయిన్‌ఫ్రేమ్. గుడియాత్తం డిపోలో చిన్న సిస్టమ్. మధ్యలో వాటికోసమే ఒక టెలిఫోన్ లైను. మెయిన్‌ఫ్రేమ్ ఆ లైనులో హాజరు తీసుకుంటున్నట్టు నంబరు పెట్టి పిలుస్తుంది. ఆ నంబరు ఎవరి సిస్టమ్‌లో ఉంటే వాళ్లు పలుకుతారు. పలికినవాళ్లకే వ్యాగన్ విడుదల ఆర్డరు.

గుడియాత్తం పాత నంబరు ముఠా చేతికి చిక్కింది. అందుకే చంద్రశేఖరం కొత్త నంబరుతో కాన్ఫిగరేషన్ తయారుచేశాడు. ఒక కాపీ సీలు కవరులో వేలూరుకు, ఒకటి ఉత్తరంగా గుడియాత్తం డిపో ఆపరేటర్ జయరామన్‌కు. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకు రెండుచోట్లా ఒకేసారి మార్చాలి. ఒంటిగంటకు ఆర్డరు వస్తుంది.

“ఉత్తరం దారిలో ఎవరైనా విప్పితే?” అన్నాడు చీఫ్.

“తెలుగులో రాశాను సార్. నంబరు కూడా అక్షరాల్లోనే. ఆ ఊళ్లో పోస్టాఫీసు నుంచి పోలీసు స్టేషన్ దాకా చదివేది తమిళమే. జయరామన్ మాత్రం మనవాడు, బజారు వీధి తెలుగువాడు.”

తన తెలివికి తనే మురిసిపోయాడు బందరు చంద్రశేఖరం.

శుక్రవారం పన్నెండుంబావుకు మోడెమ్ మెకానిక్ వేషంలో గుడియాత్తం డిపోలో దిగాడు. ఖాకీ చొక్కా, చేతిలో టిఫిన్ క్యారియర్. క్యారియర్ పై గిన్నెలో పెరుగన్నం, అడుగు గిన్నెలో లైన్ మానిటర్. లైనులో ఏ నంబరు పలికినా దాని బుల్లి తెరమీద కనబడుతుంది.

పక్కన జ్ఞానాంబ. పేరు పాతకాలందే గానీ మనిషి కాదు. షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు, దగ్గరికొస్తే మతి పోగొట్టే సెంటు. సెక్షన్ తరఫున వేలూరు కంప్యూటర్ సెంటర్‌లో ఆరు నెలలుగా పనిచేస్తోంది. ఊరు చిత్తూరు. ఆమె నవ్వినప్పుడల్లా చంద్రశేఖరం తన సీనియారిటీ మర్చిపోయేవాడు.

“కోడ్ వర్డ్?” అన్నాడు చంద్రశేఖరం.

“ఆంబూరులో బిర్యానీ అయిపోయింది,” అన్నాడు జయరామన్. నుదుట విభూతి, ముప్పై అయిదేళ్లుంటాయి. లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. “అంతా మార్చేసినా సార్. అయినా లైను రావడంలేదు.”

చంద్రశేఖరం తెరమీదకు వంగాడు. కాన్ఫిగరేషన్‌లో ఉన్న నంబరు 74092. అతను రాసింది 74029.

జ్ఞానాంబ అతని చెవి దగ్గర చెప్పింది. “అమ్ముడుపోయాడు. కావాలనే తప్పు నంబరు పెట్టాడు. నేను కారులో వేలూరు వెళ్లి మెయిన్‌ఫ్రేమ్ ఆపిస్తాను. నువ్వు వీణ్ని కదలనివ్వకు.”

కారు వెళ్లిపోయింది. చంద్రశేఖరం డిపోలోని మామూలు ఫోనెత్తాడు. అది చచ్చిపడి ఉంది.

“వైరు కూడా నువ్వే కోశావా?” అంటూ జయరామన్ చెంప ఛెళ్లుమనిపించాడు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో అలికిడయింది. కొడుక్కి అన్నం తెచ్చిన తంగమ్మ అక్కడ నిలబడి ఉంది. గిన్నె కిందపెట్టి కొడుకు దగ్గరికొచ్చింది.

“నువ్వు ఏం చేసినావురా? నిజం చెప్పు.”

“సత్తియమా ఏమీ చెయ్యలేదమ్మా.”

“మరి ఈ నంబరు ఎక్కడినుంచి వచ్చింది?” చంద్రశేఖరం గద్దించాడు. “నేను రాసింది చదివావా లేదా?”

జయరామన్ తల దించుకున్నాడు. చెంప ఎర్రగా కందిపోయింది. జవాబు మాత్రం దెబ్బకంటే సిగ్గుకే ఎక్కువ వెనకాడుతున్నట్టుంది.

“నాకు తెలుగు సదవను రాదు సార్.”

“ఏమిటీ?”

“ఇంట్లో మాట్లాడేది తెలుగే. సదివిందంతా తమిళ్ మీడియం. మా నాయన కూడా లెక్కలు తమిళంలోనే రాసినాడు. మీరు నన్ను తెలుగువాడని నమ్మి రాసినారు. రాదని చెప్పేదానికి సిగ్గయిపోయినాది. నిన్న ఆ మేడమ్, ఇప్పుడు కారులో పోయినామె, వచ్చినాది. ఆయమ్మ సదివి చెప్పినాది, నేను తమిళంలో రాసుకొని అట్నే కొట్టినా.”

గడియారం పన్నెండూ నలభై అయిదు చూపిస్తోంది. చంద్రశేఖరానికి ఉత్తరంలో తను రాసిన మొదటి వాక్యం గుర్తొచ్చింది. ‘దీన్ని ఎవరికీ చూపించవద్దు.’ అదీ తెలుగులోనే రాశాడు. ఆ సంగతి తెలియాలన్నా చదవడం రాని మనిషి దాన్ని మరొకరికి చూపించాల్సిందే.

క్యారియర్ అడుగు గిన్నె లాగి చూశాడు. మానిటర్ తెరమీద 74029 పలుకుతోంది. నిమిషానికోసారి, హాయిగా. గుడియాత్తం పేరుతో ఇంకెవరో హాజరు చెబుతున్నారు. ఫోను వైరు ఎవరు కోశారో, అంత హడావిడిగా ఎవరెటు వెళ్లారో వేరే చెప్పనక్కర్లేదు.

సిగ్గుతో ఒళ్లంతా చీదరగా అనిపించింది. అమ్ముడుపోయినదాని నవ్వు నమ్మాడు. నోరు లేనివాణ్ని, కన్నతల్లి ముందు కొట్టాడు. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“జయరామన్,” అన్నాడు. “ఫోన్ లేదు. వేలూరు ముప్పై కిలోమీటర్లు. పదిహేను నిమిషాల్లో ఆర్డరు వాళ్లకు పోతుంది. నాకు దారి తోచడంలేదు. నీకేమైనా...”

అడిగే అర్హత తనకు లేదని తెలిసే అడిగాడు.

జయరామన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “వాళ్లు యాడ ఉన్నా ఇదే లైనుమీద ఉండాల సార్. వేరే లైనైతే మెయిన్‌ఫ్రేమ్ ఒప్పుకోదు. అసలు నంబరు ఎంత?”

“74029.”

“మనమూ అదే పెడదాం. ఒక పేరు పిలిస్తే ఇద్దరు ఒకేసారి ‘ప్రెజెంట్ సార్’ అంటే ఏమవతాది? అయ్యవారికి ఒక్క ముక్క కూడా అర్థం కాదు. మూడు తూర్లు చూసి లైనే మూసేస్తాది.”

కాన్ఫిగరేషన్ తెర తెరిచాడు. పాత అంకెలు చెరిపాడు. కొత్తవి కొట్టి సిస్టమ్‌ను మళ్లీ స్టార్ట్ చేశాడు. ఆ మిషను మేలుకునేసరికి పన్నెండూ యాభై ఏడయింది. తంగమ్మ కొడుకు భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

మెయిన్‌ఫ్రేమ్ పిలిచింది. మానిటర్ మీద రెండు జవాబులు ఢీకొని పిచ్చి గీతలయ్యాయి. మళ్లీ పిలిచింది. మళ్లీ గీతలే. పన్నెండూ యాభై తొమ్మిది దాటి నలభై సెకన్లకు మూడో పిలుపు. మూడోసారీ అంతే.

తెర నల్లబడింది. లైన్ డౌన్.

ఒంటిగంట కొట్టింది. అరక్కోణంలో వ్యాగన్ కదల్లేదు.

లైను పాడైందని వేలూరు నుంచి బయల్దేరిన జీపు, తీగ వెంబడే వెతుక్కుంటూ వచ్చి దారిలోని కే.వి.కుప్పంలో ఒక రైసుమిల్లు దగ్గర ఆగింది. లోపల ఇద్దరు విదేశీయులూ, ఒక దొంగ సిస్టమూ, కోపంతో మోడెమ్‌ను చెప్పుతో కొడుతున్న జ్ఞానాంబా ఒకేసారి దొరికారు.

మూడు గంటలకు ఫోను బాగయింది. “భేష్!” అన్నాడు చీఫ్. “నంబరు ఎలా బయటికి పొక్కిందో రిపోర్టులో ఏం రాస్తావు? ఆపరేటర్ పొరపాటు అని రాసెయ్.”

“పొరపాటు నాది సార్. అలాగే రాస్తాను.”

“ఉద్యోగానికి మంచిది కాదు.”

“తెలుసు సార్.”

ఫోను పెట్టేసి జయరామన్ ముందు నిలబడ్డాడు. క్షమించమని అడగాలి. ఆరు భాషలొచ్చిన మనిషికి ఆ ఒక్కమాట రాలేదు. జయరామనే లేచి, “పోనీండి సార్,” అంటూ ముఖం తిప్పుకున్నాడు. పోనిచ్చినట్టు ఆ ముఖంలో ఎక్కడా లేదు.

తంగమ్మ అరిటాకు వేసింది. కొడుక్కి తెచ్చిన అన్నంలో సగం అందులో పెట్టి, సాంబారు పోసింది.

“తిను నాయనా. కుడిచేత్తోనే గదా కొట్టినావు? నొప్పిగా ఉంటే చెప్పు, నేను కలిపిపెడతా.”

విషం కలిపిన అన్నాన్ని కనిపెట్టడంలో చంద్రశేఖరానికి ఆరు నెలల ట్రైనింగు ఉంది. ఈ అన్నం ఎలా మింగాలో మాత్రం సెక్షన్ నైన్ ఏ సిలబస్‌లోనూ పెట్టలేదు.