లాక్ పడని హ్యాండ్‌హెల్డ్

శవాన్ని లిఫ్ట్ గుంటలోంచి పైకి తీసేసరికి పదకొండున్నర దాటింది.

ఇన్‌స్పెక్టర్ మెట్ల మీద కూర్చుని చూశాడు. నిలబడే ఓపిక లేదు. వారం రోజులుగా సరైన నిద్ర లేదు. సెలవు కోసం పెట్టుకున్న అర్జీ పైఆఫీసులో మూలుగుతోంది. దానికి తోడు ఎడమ దవడలో పన్ను సలుపు. ఇవేవీ చచ్చిపోయిన కుర్రాడికి పట్టేవి కావు కాబట్టి మోకాళ్లు పట్టుకుని లేచాడు.

పన్నెండు అంతస్తుల ఆఫీసు భవనం అది. చనిపోయినవాడు లిఫ్ట్ మెకానిక్. ఇరవై ఆరేళ్లు. అందరూ చిన్నోడు అంటారు. వాడి అన్న కూడా అదే కంపెనీలో మెకానిక్. ఆయన పెద్దోడు. ఎక్కడికెళ్లినా ఇద్దరూ ఒకే జట్టు.

ఆ రోజు అన్న పన్నెండో అంతస్తు పైన మెషిన్ రూమ్‌లో మోటారుకు గ్రీజు పెడుతున్నాడు. తమ్ముడు అట్టడుగున గుంటలో చెత్త ఎత్తుతున్నాడు. లిఫ్ట్‌కు కరెంటు ఆపేసి ఉంది. పదీ యాభై రెండుకు ఉన్నట్టుండి కరెంటు వచ్చింది. లిఫ్ట్ కిందికి దిగింది.

“కరెంటు ఎవరు వేశారు?”

“నేనే సార్.” బిల్డింగ్ మేనేజర్ నుదురు తుడుచుకున్నాడు. “పచ్చ లైటు వచ్చింది. వేశాను.”

ఆ పచ్చ లైటు సంగతి తెలుసుకోవడానికి ఇన్‌స్పెక్టర్‌కు ఇంకో పావుగంట పట్టింది. మెకానిక్ దగ్గర హ్యాండ్‌హెల్డ్ ఉంటుంది. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్. ఒక్కో పనీ అయ్యేకొద్దీ అందులో టిక్ పెట్టాలి. అంతా అయ్యాక ‘పని పూర్తి’ అని నొక్కాలి. నొక్కగానే మేనేజర్ గదిలో ప్యానెల్ మీద పచ్చ లైటు వెలుగుతుంది. అప్పుడు మేనేజర్ మెయిన్ స్విచ్ వేస్తాడు.

లిఫ్ట్ కంపెనీ నుంచి సాఫ్ట్‌వేర్ ఆఫీసరమ్మ పరుగున వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. మాట గట్టిది.

“ఇందులో అనుమానానికి తావే లేదు సార్. ఆటోమేటిక్ పాస్‌వర్డ్ ప్రొటెక్షన్ పెట్టాం. నిమిషం పాటు ఎవరూ తాకకపోతే దానంతటదే లాక్ అవుతుంది. పాస్‌వర్డ్ కూడా రోజూ పొద్దున దానంతటదే మారుతుంది. అది లైసెన్సు ఉన్న మెకానిక్‌కు ఒక్కడికే తెలుస్తుంది.”

“ఇక్కడ లైసెన్సు ఎవరిది?”

“పెద్దాయనది. తమ్ముడికి ఇంకా రాలేదు.”

పెద్దోడు గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. మోచేతుల దాకా నల్లటి గ్రీజు. చొక్కా నిండా తమ్ముడి రక్తం.

“హ్యాండ్‌హెల్డ్ ఎక్కడుంది?”

పెద్దోడు చొక్కా జేబులోంచి తీసి ఇచ్చాడు.

“పొద్దుటి నుంచీ ఇది నీ జేబులోనే ఉందా?”

“ఉంది సార్.”

“పని పూర్తి అని నొక్కిందెవరు?”

“నేనే.”

“తమ్ముడు గుంటలో ఉన్నాడని తెలిసీనా?”

“ఇంకేదో నొక్కబోయాను. అది పడింది.” ఆయన తల ఎత్తలేదు. “నేనే సార్. రాసుకోండి.”

మేనేజర్ ఒక అడుగు ముందుకేశాడు. “స్విచ్ వేసేముందు నేను ఇంటర్‌కమ్‌లో అడిగాను కూడా సార్. మెషిన్ రూమ్‌కు చేసి అడగాలని రూలు. వేయనా అంటే ఇతనే వేయండి అన్నాడు.”

“అన్నావా?”

పెద్దోడు మేనేజర్ వంక చూశాడు. “అన్నాను,” అన్నాడు.

కేసు గంటలో తేలిపోయింది. ఇంత తొందరగా తేలిపోయిన కేసు ఏదీ ఇన్‌స్పెక్టర్‌ను ఇంతవరకూ ప్రశాంతంగా పడుకోనివ్వలేదు. అయినా ఆయన హ్యాండ్‌హెల్డ్‌ను కవర్లో పెట్టి సీలు వేయించి, పెద్దోడిని జీపెక్కించాడు.

* * *

మర్నాడు పొద్దున స్టేషన్‌కు చిన్నోడి భార్య వచ్చింది. బెంచీ మీద కూర్చుంది. లాకప్ ఎదురుగానే ఉంది. అటు తిరగలేదు.

“లోపలున్నది మీ బావగారు. మాట్లాడతావా అమ్మా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“ఏం మాట్లాడను సార్? నాకు పెళ్లయి మూడేళ్లు. ఆయన నా భర్తకు అన్న కాదు, నాన్న. చిన్నప్పటి నుంచీ చెయ్యి పట్టుకుని పని నేర్పాడు.” ఆమె గొంతు ఏమీ వణకలేదు. అంత అలసిపోయి ఉంది. “అలాంటి మనిషి చూసుకోకుండా ఎలా నొక్కాడు సార్? నాకది ఒక్కటే కావాలి. తెలిస్తే చెప్పండి.”

“కోర్టులో పెడతాం. ఒప్పుకున్నాడు కాబట్టి శిక్ష పడుతుంది.”

“పడనీండి,” అంది. లేచి వెళ్లిపోయింది.

లోపల పెద్దోడు అన్నీ విన్నాడు. మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. పొద్దున ఇచ్చిన టీ అలాగే ఉంది, మీగడ కట్టి.

మధ్యాహ్నానికి సాఫ్ట్‌వేర్ ఆఫీసరమ్మ రిపోర్టు పంపింది. హ్యాండ్‌హెల్డ్ ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు లాక్ అయింది, ఎప్పుడు ఏం నొక్కారు, అంతా అందులో ఉంటుందట. ఇన్‌స్పెక్టర్ దాన్ని తన హ్యాండ్‌హెల్డ్‌లో తెరిచాడు. పోలీసు శాఖ తమ వాళ్లందరికీ కిందటి నెలే అలాంటిది ఒకటి అంటగట్టింది. అదీ అంతే. కాసేపు తాకకపోతే లాక్. మళ్లీ పాస్‌వర్డ్. ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు. నాలుగు వాక్యాలు చదివేలోపు రెండుసార్లు మూసుకుంది. మూడోసారి ఆయనకు ఒళ్లు మండింది. చదువుతూనే బొటనవేలితో తెర మీద రుద్దడం మొదలుపెట్టాడు.

హెడ్ కానిస్టేబుల్ ఫైళ్లు తెచ్చి టేబుల్ మీద పడేశాడు. ఇన్‌స్పెక్టర్‌తో పదేళ్ల చనువు ఆయనకు.

“ఏంటి సార్, జోకొడుతున్నారా దాన్ని?”

“నిద్రపుచ్చడం కాదయ్యా. నిద్రపోకుండా చూస్తున్నా. మళ్లీ ఆ పాస్‌వర్డ్ కొట్టే ఓపిక నాకు లేదు.”

“నేనూ అంతే సార్. స్టేషన్‌లో అందరం అంతే. టీవీలో సినిమా చూస్తున్నా ఒక వేలు దాని మీద తిప్పుతూనే ఉంటాం.”

ఇన్‌స్పెక్టర్ వేలు ఆగింది.

రిపోర్టును మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఈసారి ఏముందో కాదు, ఏం లేదో చూశాడు. పదీ ఐదుకు పాస్‌వర్డ్ కొట్టి తెరిచారు. పదీ యాభై రెండుకు ‘పని పూర్తి’. మధ్యలో లాక్ అన్న మాట లేదు. పాస్‌వర్డ్ అన్న మాట లేదు.

“ఆ సీలు కవరు తే,” అన్నాడు.

హ్యాండ్‌హెల్డ్ వెనకవైపు నల్లగా అయిదు వేళ్లు అచ్చు పడి ఉన్నాయి. తెర మీద గ్రీజు చుక్క కూడా లేదు.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. నిజం తెలిసినందుకు సంతోషం కలగలేదు. ఇప్పుడు దాన్ని తీసుకెళ్లి ఆ అమ్మాయి ముందు పెట్టాలి. పన్ను మళ్లీ సలపడం మొదలైంది.

* * *

సాయంత్రం నాలుగింటికి మేనేజర్ గదిలో అందరూ చేరారు. మేనేజర్, సాఫ్ట్‌వేర్ ఆఫీసరమ్మ, చిన్నోడి భార్య. హెడ్ కానిస్టేబుల్ పెద్దోడిని తెచ్చి గుమ్మం పక్కన నిలబెట్టాడు. మరదలిని చూడగానే పెద్దోడు వెనక్కి తిరగబోయాడు.

“సార్, నేను ఒప్పుకున్నాను కదా. ఇంకా ఇదంతా ఎందుకు? వదిలేయండి.”

“వదిలేద్దామనే ఉంది నాకు. కూర్చో.”

ఆఫీసరమ్మ అలాంటిదే ఇంకో హ్యాండ్‌హెల్డ్ తెచ్చింది. ఇన్‌స్పెక్టర్ దాన్ని తెరిపించి టేబుల్ మధ్యలో పెట్టాడు.

“ఎవరూ తాకకండి.”

అందరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. మేనేజర్ రెండుసార్లు దగ్గాడు. ఒక్క నిమిషం అంతసేపుంటుందని అక్కడ ఎవరికీ తెలియదు. తెర నల్లబడింది. పాస్‌వర్డ్ అడిగింది.

“జేబులో పెట్టుకున్నా ఇంతేనా మేడమ్?”

“ఇంతే సార్.”

“పెద్దోడి హ్యాండ్‌హెల్డ్ పదీ ఐదు నుంచి ముప్పావుగంట సేపు ఒక్కసారి కూడా లాక్ పడలేదు. మీరు పంపిన రిపోర్టే. చూసుకోలేదా?”

ఆమె తన కాగితాలు తిరగేసింది. ఒకసారి, ఇంకోసారి. “నేను... ఎవరి పాస్‌వర్డో చూశాను సార్. లాక్ సంగతి చూడలేదు.”

“జేబులో ఉంటే నిమిషంలో మూసుకోవాలి. మూసుకోలేదంటే అది జేబులో లేదు. ఎవరి చేతిలోనో ఉంది. ముప్పావుగంటా ఎవరో దాన్ని రుద్దుతూనే ఉన్నారు. ఆ పని పెద్దోడు చేయలేదు. ఆయన చేతుల నిండా గ్రీజు. తెర మీద మరక లేదు. మరి పాస్‌వర్డ్ తెలిసినవాడు ఎందుకు రుద్దుతాడు? మూసుకుంటే మళ్లీ కొట్టుకుంటాడు. తెలియనివాడికే ఆ అవస్థ.”

ఇన్‌స్పెక్టర్ పెద్దోడి వైపు తిరిగాడు.

“పెద్దోడా, నువ్వు దాన్ని తెరిచి తమ్ముడికి ఇచ్చావు. కింద పనుల టిక్కులు వాడు పెట్టుకోవాలి కదా. లాక్ పడితే ఏం చేయాలి వాడు?”

పెద్దోడు మరదలి వైపు చూడకుండా చెప్పాడు.

“నా దగ్గరికి రావాలి సార్. పాస్‌వర్డ్ వాడికి చెబితే నా లైసెన్సు పోతుంది. లిఫ్ట్ ఆపేసి ఉంటుంది కదా. పన్నెండు అంతస్తులు మెట్లెక్కి రావాలి. ఈ లాకులొచ్చిన కొత్తలో ఒకరోజు అయిదుసార్లు ఎక్కాడు. కాళ్లు పట్టేశాయి. అప్పటి నుంచీ ఒక చేత్తో పని, ఒక చేత్తో అది. కంపెనీలో అన్ని జట్లూ ఇలాగే చేస్తాయి. తప్పని తెలుసు.”

“మేడమ్, ‘పని పూర్తి’ బటన్ ఎక్కడుంటుంది?”

“తెర కింది వారన,” అంది ఆఫీసరమ్మ. గొంతు తగ్గింది. “ప్రతి పేజీలోనూ ఉంటుంది. కానీ నొక్కగానే పోదు సార్. నిజమేనా అని ఇంకోసారి అడుగుతుంది.”

“రెండోసారి ఎక్కడ నొక్కాలి?”

“అక్కడే.”

“రుద్దేవాడు రెండోసారీ అక్కడే రుద్దుతాడు.”

ఆమె హ్యాండ్‌హెల్డ్‌ను తన వైపు లాక్కుని తెర వంకే చూస్తూ ఉండిపోయింది.

“మోటారు తిరగ్గానే నేను స్టాప్ కొట్టాను,” అన్నాడు పెద్దోడు. “అప్పటికే అయిపోయింది. మెట్లన్నీ దిగొచ్చేసరికి వాడి చేతిలో ఇది ఉంది, బొటనవేలు ఇంకా తెర మీదే. నాకు అర్థమైంది. తీసి జేబులో పెట్టుకున్నాను. వాడే నొక్కుకున్నాడని రాస్తే జనం ఏమంటారు సార్? తన చావు తనే తెచ్చుకున్నాడంటారు. ఇచ్చింది నేను. కాబట్టి నొక్కిందీ నేనే అనుకున్నాను.”

“నువ్వు నీ తమ్ముడిని కాపాడాననుకున్నావు. నువ్వు కాపాడింది ఈయన్ని.”

ఇన్‌స్పెక్టర్ మేనేజర్ వైపు తిరిగాడు.

“పచ్చ లైటు పొరపాటున రావచ్చు. అందుకేగా అడిగి వేయాలని రూలు పెట్టింది? అడిగానన్నారు. పెద్దోడు వేయండి అన్నాడన్నారు. తమ్ముడు గుంటలో ఉన్నాడని తెలిసి, ఏ తప్పూ చేయని మనిషి, వేయండి అంటాడా?”

“ఆయనే ఒప్పుకున్నాడు కదా సార్.”

“ఆయన నేరమంతా ఒప్పుకున్నాడు. అందులో మీదీ కలిపేశారు. పెద్దోడా, ఇంటర్‌కమ్ మోగిందా?”

“మోగలేదు సార్.”

మేనేజర్ అరచేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

“పై అంతస్తులో మీటింగ్ ఉంది సార్. పెద్దవాళ్లు వచ్చి కింద నిలబడ్డారు. లిఫ్ట్ ఏదని పొద్దుటి నుంచీ చివాట్లు. పచ్చ లైటు చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఇంకేమీ ఆలోచించలేదు. తర్వాత ఈయన నేనే అనేసరికి... నోరు మూసుకుంటే సరిపోతుందనుకున్నాను.”

“మూసుకోలేదు కూడా. అబద్ధం కలిపారు.” ఇన్‌స్పెక్టర్ హెడ్‌కు కళ్లతో సైగ చేశాడు. హెడ్ వెళ్లి మేనేజర్ భుజం మీద చెయ్యి వేశాడు.

ఇన్‌స్పెక్టర్‌కు ఇంక మాట్లాడాలని లేదు. కానీ అడగాల్సిన మనిషి అడిగింది. జవాబు చెప్పాలి.

“ఎలా నొక్కాడని అడిగావు కదమ్మా. ఇదీ సంగతి. నీ భర్త తప్పేమీ లేదు. మెట్లు ఎక్కలేక వేలు ఆడించాడు. అంతే. నేనూ అదే చేస్తున్నాను రోజూ.”

ఆమె తల ఊపింది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. ఇన్ని గంటల్లో మొదటిసారి పెద్దోడి వైపు తిరిగింది.

“బావగారూ, మీరే చంపారనుకున్నాను. రాత్రంతా మిమ్మల్ని తిట్టుకున్నాను. శిక్ష పడనీండి అన్నాను. అది విని కూడా నోరు విప్పలేదా?”

“వాడికి మాట రాకూడదని అమ్మా.”

“ఆయనకు మాట రాకూడదు. మీరు జైలుకు పోవచ్చు. నేను మిమ్మల్ని అసహ్యించుకుంటూ బతకొచ్చు. మరి అత్తయ్య? ఒక్క పూటలో ఇద్దరు కొడుకులు పోతే ఆవిడ ఏమైపోతుందో ఆలోచించారా?”

పెద్దోడు అప్పుడు ఏడ్చాడు. తమ్ముడు పోయాక మొదటిసారి ఏడ్చాడు. ఆమె దగ్గరికి వెళ్లి, గ్రీజు ఇంకా వదలని ఆయన చెయ్యి పట్టుకుంది.

“ఆవిడ నిన్నటి నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. పెద్దోడు వస్తేనే తింటానంటోంది. ఇంటికి నడవండి.”

ఇన్‌స్పెక్టర్ దారి వదిలాడు.