జిగురు పూసిన అంకె

అంగారకుడి మీద మూడో గుమ్మటం కింద తెల్లవారగానే ఎవరైనా ముందు చూసేది ఆకాశాన్ని కాదు, ఎడమచేతి తొడుగుని. దాని మీద రెండంకెలు వెలుగుతుంటాయి. ఒకటి తాము అతికిన అతుకులు, రెండోది పక్కవాళ్లు అతికినవి. గుమ్మటం అధికారి డాక్టర్ పరాంకుశం కనిపెట్టిన ఈ పోలికమాపకం, అంటే కంపారోమీటర్, చేతి కదలికల్ని సెన్సర్లతో లెక్కగడుతుంది. ఆ లెక్క తొడుగుల మీద తప్ప ఇంకెక్కడా ఉండదు. వెనకబడితే మణికట్టు దగ్గర చురుక్కుమనిపిస్తుంది.

వకుళకి రోజంతా చురుక్కుమంటూనే ఉంది. గుమ్మటం పలకల మధ్య జిగురు పూశాక చెవి ఆనించి, గాలి బుస వినబడలేదని తేల్చుకున్నాకే ముందుకి కదలడం అక్కడి పనివాళ్ల పాత అలవాటు. తొడుగులొచ్చాక ఆ అలవాటు వకుళ ఒక్కదానికే మిగిలింది. నెలాఖరుకి అట్టడుగున ఉన్నవాళ్లని నేలకింద గిడ్డంగికి తోసేస్తారు. అక్కడ ఆకాశమే కనబడదు. ఆ మాట తలుచుకుంటే ఆమెకి ప్రాణం ఉసూరుమనేది.

"రేపట్నుంచి గిడ్డంగికి వెళ్లమ్మా," అన్నాడు పరాంకుశం, నెలాఖరున ఆమె దగ్గరికొచ్చి.

"ముందు ఇక్కడ చెవి పెట్టండి సార్. ఇది నా పక్కన పనిచేసే జోగారావు అతికింది."

ఆయన చెవి పెట్టాడు. సన్నగా బుస్సుమంటోంది. ముఖం పాలిపోయింది.

"బాగుచేయిద్దాంలే. వేగం తగ్గిస్తే నాలుగో గుమ్మటం వాళ్లు మనల్ని దాటేస్తారు."

"అయితే మీక్కూడా చురుక్కుమంటోందన్నమాట."

పరాంకుశం తన ఎడమచేతిని వెనక్కి దాచుకున్నాడు.

"నేను వెళ్లను సార్. విన్నాకే కదుల్తాను. మీ చేతనైంది చేసుకోండి." అందరూ చూస్తుండగానే ఆమె జిగురు తీసి, తన అంకెల మీద దట్టంగా పూసేసింది.

మర్నాడు గుమ్మటం కింద ఒక్క అంకె కూడా వెలగలేదు. అందరూ జిగురు పూసుకునే వచ్చారు. ఎవరు ఆఖరో చూపడానికి అంకెలే లేక పరాంకుశం ఆమె బదిలీ రద్దు చేశాడు. చెవులు మళ్లీ అతుకులకి ఆనాయి. వకుళకి ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది.

అంతలో జోగారావు చెయ్యెత్తి చూపించాడు. "చూశావా అక్కా, నాది రెండు పూతలు. నీదానికన్నా మందం."

"నాది మూడు," అంది అవతలి నిచ్చెన మీంచి సుగుణమ్మ.

"ఛీ, మీరు మారరు," అంటూ వకుళ విసురుగా తల తిప్పుకుంది. అతుక్కి చెవి ఆనించబోయి ఆగింది. ఎవరూ చూడడం లేదని తేల్చుకుని, జిగురు డబ్బాలో వేలు ముంచింది.