ఒంటిచేత్తో తెరుచుకునే సంచి

ఈశ్వరి ఆ బ్యాగును కౌంటరు మీద పెట్టలేదు, పడేసింది. తెగి వేలాడుతున్న పట్టీ వెంకటసాయి చేతిలోని గ్లాసుకు తగిలి, సగం టీ అతని చొక్కా మీద ఒలికింది.

"ఇది తెగదని సెప్పినారు," అంది.

నరసన్నపేటలో తిరుమలరావు షాపు తెలియని లారీ డ్రైవరు లేడు. టార్పాలిన్లు, రెయిన్‌కోట్లు, రకరకాల బ్యాగులు అమ్ముతారు. లారీల మీద కప్పే పరదాలు వెనక గదిలో వాళ్లే కుడతారు. తిరుమలరావు కొడుకు వెంకటసాయి డిగ్రీ అయ్యాక ఆ షాపులోనే కూర్చున్నాడు. కుట్టుపని తాత దగ్గర నేర్చుకున్నాడు. మాటలు మాత్రం ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. మూడు వారాల కిందట ఈ అమ్మాయికి ఈ బ్యాగు అంటగట్టింది ఆ మాటలతోనే.

చొక్కా దులుపుకుంటూ పట్టీ వంక చూశాడు. "ఇందులో ఏటి మోసినారండి?"

"రాళ్లు మోసినా ఏటవ్వదని మీరే అన్నారు. నాను రాళ్లు కూడా మొయ్యలేదు. కెమెరాలు మోసినాను. రెండు కింద పడ్డాయి. ఒకటి పోయింది."

ఈశ్వరిది కొత్తవలస దగ్గర పల్లెటూరు. అరసవల్లిలో ఆఫీసున్న ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తోంది. మందస వైపు జీడితోటల్లోకి కొండల మీద నుంచి ఎలుగుబంట్లు దిగుతుంటాయి. అవి ఏ దారిన, ఏ వేళకు వస్తున్నాయో తెలిస్తే రైతులు జాగ్రత్తపడతారు. అందుకని చెట్లకు కెమెరాలు కట్టి, రోజు విడిచి రోజు వెళ్లి ఫొటోలు తెచ్చి, ఊళ్లో అందరికీ చూపించడం ఆమె పని. కిందటేడు ఒక రైతు ఎలుగు దెబ్బకు చెయ్యి పోగొట్టుకున్నాక ఈ పని మొదలైంది. కెమెరా లేని దారిలో ఎవరికేమైనా అయితే అది తన తప్పేనని ఆమె అనుకుంటుంది.

ఇదంతా గబగబా చెప్పేసి, డబ్బు వాపసు తనకొద్దని, తెగని బ్యాగు కావాలని అడిగింది.

వెంకటసాయి నాలుగు బ్యాగులు దింపాడు. ఒకదాని రంగు చూసి, అది కోసు దూరానికి కనబడుతుందంది. ఇంకోదాన్ని వాసన చూసి పక్కన పెట్టింది. మూడోదాన్ని ఊపితే బకిళ్లు గలగలలాడాయి. నాలుగోదాన్ని భుజానికి తగిలించుకుని షాపులో అటూ ఇటూ నడిచి, వంగి, లేచి, చెంగుమని ఒక గెంతు గెంతింది. రెయిన్‌కోటు బేరమాడుతున్న ముసలాయన నోరు తెరిచి చూశాడు.

"ఇదీ కాదు," అంది.

"మీకు కావలసిన బ్యాగు ఇంకా ఎవులూ కుట్టలేదండి," అన్నాడు వెంకటసాయి విసుగ్గా.

"మీరు ఎప్పుడైనా ఇందులో ఒక్కటైనా మోసినారేటి? ఒక్కరోజు నాతో వచ్చి మొయ్యండి. అప్పుడు సెప్పండి ఏది మంచిదో."

పేపరు చదువుతున్న తిరుమలరావు తల ఎత్తకుండానే అన్నాడు. "ఎల్లరా. అమ్మినోడివి నువ్వే కదా."

*

ఆదివారం షాపుకు సెలవు. ఉన్నవాటిలో గట్టి బ్యాగు ఒకటి బండికి కట్టుకుని వెంకటసాయి మందస దగ్గరి ఆ ఊరు చేరేసరికి ఏడు దాటింది. ఈశ్వరి అద్దెకుంటున్న ఇల్లు జగ్గమ్మది. అరవై ఏళ్లుంటాయి, రెండెకరాల జీడితోట ఒక్కర్తే చూసుకుంటుంది. అతన్ని ఎగాదిగా చూసి, ఇంత పల్చటి కుర్రోడు బరువేం మోస్తాడని ఈశ్వరిని అడిగింది. ఈశ్వరి నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగింది.

నాలుగు కెమెరాలు, బ్యాటరీలు, గొలుసులు, తాళాలు, టేపు, నీళ్ల సీసా, రెండు అన్నం డబ్బాలు. అర్ధగంటకే పట్టీ భుజంలోకి దిగింది. గంటకు నడుం పక్కన ఒరుసుకుని మంట పుట్టింది. ఎడమ భుజానికి మార్చుకున్నాడు, మళ్లీ కుడికి మార్చుకున్నాడు. ఆమె ముందు నడుస్తూ గట్టిగా మాట్లాడుతూనే ఉంది. వెనక్కి చూసి, మనిషి అలికిడి ముందే వినబడితే ఎలుగు తన దారిన తాను పోతుందని, అందుకే ఈ వాగుడని, తనది పుట్టుకతో వచ్చిన వాగుడు కాదని చెప్పింది. అతను నమ్మలేదు.

మూడో కెమెరా దగ్గర సన్నగా చినుకులు మొదలయ్యాయి. కెమెరా విప్పుతూ ఈశ్వరి మాట ఆపింది. అప్పుడే పొదల అవతల ఏదో కదిలింది. యాభై అడుగుల దూరంలో చీమలపుట్ట, దాని పక్కన నల్లటి వీపు, ఆ వెనకే చిన్న ఎలుగుపిల్ల.

"పరిగెట్టకండి," అంది ఆమె చాలా నెమ్మదిగా. "బ్యాగులో విజిలున్నాది, తియ్యండి."

ఆమె విప్పి ఇచ్చిన కెమెరాతో అతని ఒక చెయ్యి నిండి ఉంది. రెండో చేత్తో జిప్పు లాగాడు. సగం వచ్చి ఇరుక్కుంది. మళ్లీ లాగితే అసలు కదల్లేదు. తల్లి ఎలుగు తల ఎత్తింది. ఈశ్వరి అతని మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు వదలకుండా, మామూలు గొంతుతో ఏదో మాట్లాడుతూ, అతన్ని ఒక్కో అడుగు వెనక్కి నడిపించింది. ఏం మాట్లాడిందో అతనికి గుర్తులేదు. బహుశా ఇంటి దగ్గర గేదెల గురించి. ఎలుగు కాసేపు చూసి, పిల్లను వెంటబెట్టుకుని కొండవైపు వెళ్లిపోయింది.

తోట దాటాక కూడా ఆమె చెయ్యి అతని మణికట్టు మీదే ఉంది. అది ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఆమె చెయ్యి తీసేసుకుని వాన గట్టిగా వచ్చేలా ఉందంది. అవునన్నాడు. అప్పటికే ఇద్దరూ నిలువునా తడిసి ఉన్నారు.

బండి ఎక్కేముందు అతను అడిగాడు. "ఈ జిప్పులున్న బ్యాగులతోనేనా మీరు ఇన్నాళ్లూ తిరిగినారు?"

"వేరేవి ఎవులమ్ముతారు?"

"నాను కుడతాను," అన్నాడు.

*

మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉండే వేళల్లో వెంకటసాయి వెనక గదిలో మిషను ముందు కూర్చున్నాడు. లారీ పరదాకు వాడే మందపు కాన్వాసు కత్తిరించాడు. పట్టీకి సరుకు బిగించే బెల్టు తీసుకుని, భుజం మీద పడే చోట మెత్తటి దిండు కుట్టాడు. మొదటిది బాగానే వచ్చింది గాని వాన నీరు కుట్ల వెంబడి లోపలికి కారింది. రెండోదానికి మైనం రాసిన దారం వాడాడు. అది మరీ బరువై కూర్చుంది.

ప్రతి సందేహానికీ ఫోను చేసేవాడు. కెమెరా వెడల్పెంత, విజిలు ఎడమవైపు ఉండాలా కుడివైపా అని. అదయ్యాక ఆమె ఆవేళ కెమెరాలో పడ్డ ముళ్లపంది గురించి చెప్పేది. అతను లారీ డ్రైవర్ల కబుర్లు చెప్పేవాడు. 'మీరు' ఏ రోజున 'నువ్వు' అయిందో ఇద్దరికీ తెలియదు.

కొడుకు పరదాల ఆర్డర్లు పక్కనపెట్టి ఒక్క సంచి మీద నెల రోజులు కూర్చోవడం తిరుమలరావు చూస్తూనే ఉన్నాడు. ఒకసారి మాత్రం, ఆ సంచి ఎలుగుబంటికా, అమ్మాయికా అని అడిగాడు. వెంకటసాయి సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు నటించాడు.

మూడోది కుదిరింది. ఆకుపచ్చకూ మట్టిరంగుకూ మధ్య రంగు. జిప్పు లేదు, బకిలు లేదు. పెద్ద మూత, దానికో చెక్క బొత్తాం. బొటనవేలితో నెడితే ఒంటిచేత్తో తెరుచుకుంటుంది, చప్పుడుండదు. తీసుకొస్తున్నానని ముందు చెప్పకుండా ఒక వానరోజు మందస బయల్దేరాడు.

జగ్గమ్మ ఇంటి ముందు జీపు ఆగి ఉంది. అరుగు మీద ఈశ్వరి భుజానికి నల్లటి కొత్త బ్యాగు, ఖరీదైన కంపెనీది, తళతళలాడుతోంది. ఆఫీసు నుంచి వచ్చిన పెద్దాయన ఆమెను ఇటు తిప్పి అటు తిప్పి ఫొటోలు తీస్తున్నాడు. ఇక ఏ బ్యాగూ వెతుక్కోనక్కర్లేదంటున్నాడు. ఈశ్వరి నవ్వుతోంది.

వెంకటసాయి సందు పక్కనే బండి ఆపేశాడు. పెరటి గుమ్మం దగ్గర కనబడిన జగ్గమ్మ చేతిలో సంచి పెట్టి, "ఇది ఉంచండి," అని మాత్రం అని వెనక్కి తిరిగాడు.

తర్వాత ఆరు రోజులు ఆమె ఫోను చేసినా అతను ఎత్తలేదు.

*

ఏడో రోజు మధ్యాహ్నం జోరువానలో ఈశ్వరి బస్సు దిగి షాపులోకి వచ్చింది. భుజాన కాన్వాసు సంచి ఉంది. అందులోంచి జీడిపిక్కల వాసన గుప్పున కొట్టింది.

"ఇది నాకు కుట్టినావా, జగ్గమ్మకు కుట్టినావా?"

వెంకటసాయికి అర్థం కాలేదు. ఆమె చెప్పింది. ఆ సంచి తనకే ఇచ్చాడనుకుని జగ్గమ్మ దాన్ని తోట పాకలోనే ఉంచి, వారం నుంచి అందులో జీడిపిక్కలు మోస్తోంది. నరసన్నపేట కుర్రోడు మంచోడని ఊరంతా చాటుతోంది గాని, ఎందుకో చెప్పడం లేదు. ఈవేళ పొద్దున తోటలో ఆమె భుజాన చూసేదాకా ఈశ్వరికి సంచి సంగతే తెలియదు. సంచి కుట్టడం చాతకాక మొహం చాటేశాడనుకుంది.

"నీకు కంపెనీ బ్యాగు వచ్చింది కదా. సూసినాను," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"అది ఫొటోల కోసం ఇచ్చినారు. దానికి ఆరు జిప్పులున్నాయి. నన్నొక మాట అడిగితే పోయేదేటి?"

మాటలతో బ్యాగులు అమ్మే మనిషి కౌంటరు మీది కొలత టేపు చుట్టడం మొదలుపెట్టాడు.

"రోజూ గంటసేపు ఫోను మాటాడుకున్నాం," అంది ఈశ్వరి. "అందులో బ్యాగు గురించి ఎంతసేపు?"

ఆలోచించాడు. "అయిదు నిమిషాలు."

"మిగతాదంతా ఏటి మరి?"

వాన రేకుల మీద దబదబా కొడుతోంది. వెంకటసాయి తల ఎత్తి ఆమె కళ్లలోకి చూశాడు.

"నాకు నువ్వంటే ఇష్టం. ఆవేళ నా సెయ్యి పట్టుకుని నడిపించినావు సూడు, అప్పట్నుంచి. సెప్తే ఫోను కూడా సెయ్యవేమోనని సెప్పలేదు."

ఈశ్వరి ముంగురుల నుంచి కారుతున్న నీళ్లు తుడుచుకుంది. నవ్వు దాచుకోవడానికే తుడుచుకుంది. "నాను తడిసి వచ్చినాను. తువ్వాలైనా ఇస్తావేటి?"

పేపరు వెనక నుంచి తిరుమలరావు గొంతు సవరించుకున్నాడు. అతనక్కడ ఉన్నాడని ఇద్దరూ మరిచిపోయారు.

*

తిరుమలరావు పదిహేను రోజులు ఏమీ అనలేదు. కులాలు వేరు. తమది వ్యాపారం, వాళ్లది వ్యవసాయం. బంధువులు ఏమంటారో అతనికి బాగా తెలుసు. పదహారో రోజు పొద్దున తెల్ల చొక్కా వేసుకుని, కొత్తవలస వెళ్దాం తయారవమని కొడుకుతో అన్నాడు.

ఈశ్వరి తండ్రి లక్ష్మణరావు నాట్ల నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. కూతురు ముందే అంతా చెప్పింది. ఔనని గాని కాదని గాని ఆయన ఆమెతో అనలేదు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, వానల గురించి మాట్లాడాడు. తర్వాత వెంకటసాయి వైపు తిరిగాడు.

"పెళ్లయ్యాక కూడా మా అమ్మాయి ఎలుగుబంట్ల ఎనకే తిరుగుతాదా?"

తిరుమలరావు కొడుకు వంక చూశాడు. తలుపు చాటున గాజుల చప్పుడు ఆగిపోయింది.

"తిరుగుతాదండి," అన్నాడు వెంకటసాయి. "అది ఆవిడ పని. ఆపమని నాను అడగను. ఆదివారాలు నానూ ఎల్తాను."

"భయం లేదేటి?"

"ఉన్నాదండి. అయినా ఎల్తాను."

లక్ష్మణరావు ఖాళీ మజ్జిగ గ్లాసులు పక్కకు జరిపాడు. ఈ ఏడాదిలో మూడు సంబంధాలు వచ్చాయని, పెళ్లయ్యాక ఉద్యోగం మాన్పిస్తామని ముగ్గురూ అన్నారని చెప్పాడు. చిన్నప్పుడు వాన పడితే అందరి పిల్లలూ ఇంట్లోకి పరిగెత్తితే తన పిల్ల పొంగి పారే గెడ్డ వైపు పరిగెత్తేదని చెప్పాడు. చెబుతూ చెబుతూ నవ్వాడు. తర్వాత లేచి తువ్వాలు భుజాన వేసుకుని, లోపలికి కేకేసి అరిటాకులు కొయ్యమన్నాడు.

తిరుమలరావు కూడా లేచాడు. బస్సు వేళవుతోందని, ఏ మాటైనా ఫోనులో చెబితే చాలునని నసిగాడు.

లక్ష్మణరావు అతని చెయ్యి పట్టుకుని మళ్లీ మంచం మీద కూర్చోబెట్టాడు.

"ఏ బస్సుకైనా ఎల్దురు గాని," అన్నాడు. "భోజనం సేసి ఎల్లండి, బావగారూ."

తలుపు చాటున గాజులు గలగలమన్నాయి.