ఏడో సినిమాలో గుండీలు

ఆ ఉదయం కూడా దర్శకుడు కప్పు కడగలేదు. రోజువారీ బతుకులో మనిషికి ఎదురయ్యే ధర్మసంకటాల మీద వరసగా పది చిన్న సినిమాలు తీస్తున్న మహానుభావుడాయన. తాను తాగిన కప్పు తానే కడగాలా అన్న సంకటం మాత్రం పెళ్ళయి పదిహేనేళ్ళయినా తేలలేదు.

భోజనాల బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని అతని భార్య ఏడో సినిమా ఎడిటింగ్ చేస్తోంది. కష్టంలో ఉన్నవాణ్ణి చూసి ఆగుతామా, దాటిపోతామా అన్నది కథ. సాయంత్రానికి పంపాలి. చివరి దృశ్యం తెరవగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. తెర మీద తన నాన్న. నలభై ఏళ్ళు అందరికీ చొక్కాలు కుట్టిన దర్జీ, వణికే వేళ్ళతో తన చొక్కా గుండీ పెట్టుకోలేక అవస్థ పడుతున్నాడు.

"నాన్నని ఎప్పుడు తీశారు?"

"మొన్న పొద్దున, గుమ్మంలోంచి. ఫోన్‌తోనే తీశాను, సినిమా కోసమని ఆయనకి తెలీదు. అంత సహజంగా ఏ నటుడు చేస్తాడు చెప్పు? సౌండ్ తీసేసి సంగీతం వేసెయ్."

"ఒక్క మాట అడగలేకపోయారా?"

"అడిగితే సహజంగా ఉండరు. సత్యం చూపించాలంటే కొంచెం గుండె రాయి చేసుకోవాలి."

అందుకు ముందు గుండె ఉండాలి. ఆ మాట ఆమె అనలేదు. సౌండ్ పెంచింది.

"బాబూ, ఈ ఒక్క గుండీ పెట్టవూ," అంది నాన్న గొంతు.

"ఒక్క నిమిషం మామయ్యగారూ. అలాగే ఉండండి, వెలుతురు బాగుంది," అంది అతని గొంతు.

ఆ ఒక్క నిమిషం పదకొండు నిమిషాలు సాగింది.

"చివరికి పెట్టారా?" అని అడిగింది. అతను ఖాళీ కప్పు ఎత్తి తాగబోయాడు.

"దాటిపోయేవాడి వేషానికి నెలరోజులు మనిషిని వెతికారు. ఇంట్లోనే ఉన్నాడుగా."

అప్పటికే గుండీలు పెట్టుకోని చొక్కాతో ఆమె నాన్న తన గదిలోంచి వచ్చి నిలబడ్డాడు. అంతా విన్నాడు.

"పోనీలే అమ్మా. అల్లుడు పనిలో ఉన్నాడు. అప్పుడు పిలవడం నాదే తప్పు."

ఆ మాటకి దర్శకుడి ముఖం పాలిపోయింది. లేచి వెళ్ళి మామగారి చొక్కా పట్టుకున్నాడు. కళ్ళు మసకబారి, పైనుంచి పెట్టిన గుండీలన్నీ ఒక్కో కాజా తప్పి పడ్డాయి. పనిమంతుడు మరి.

"కిందనుంచి మొదలుపెట్టు బాబూ. అంచులు కలుస్తాయి," అన్నాడు దర్జీ మెల్లగా.

అతను ఏడుస్తూనే అన్నీ విప్పి, కిందనుంచి మొదలుపెట్టాడు. ఆమె సినిమాలోంచి నాన్న దృశ్యం తీసేసింది. కప్పు మాత్రం ముట్టుకోలేదు, అతని కోసం అక్కడే ఉంచింది.