నాలుగు వందల పదిహేడో నంబరు బిళ్ళ

ఖరిదా పేటలో నూకయ్య ఇల్లు ఎక్కడని ఎవర్నడిగినా చూపిస్తారు. ఇల్లు గొప్పదని కాదు. రెండు గదులు, ముందు వసారా, పక్కన రేకుల షెడ్డు, అంతే. గొప్పదల్లా ఆయన చెవి. రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు ఫిట్టరుగా చేసి దిగిపోయిన మనిషి. పక్కింట్లో మిక్సీ తిరుగుతుంటే విని, ఏది అరిగిందో కుర్చీలోంచి లేవకుండానే చెప్పేవాడు. అలాంటి నూకయ్యకి, కొడుకు ఫణీంద్ర కొన్న పాత జీపులో వచ్చే చప్పుడు ఎక్కడిదో మూడు నెలలుగా అంతుపట్టలేదు.

అంతుపట్టలేదని పైకి చెప్పేవాడు.

నాలుగు చక్రాలూ ఇంజనుతో తిరిగే రకం జీపు అది. నడుమ ఒక గేర్ల డబ్బా, అక్కణ్ణించి ముందు చక్రాలకొకటి, వెనక చక్రాలకొకటి తిరిగే షాఫ్టులు. చప్పుడు ఆ దారిలోనే ఎక్కడో ఉంది. టక్ టక్ టక్. కాస్త ఆగి, టక్. మళ్ళీ మూడు, ఆగి ఒకటి. మాలంచ రోడ్డులో బళ్ళు బాగుచేసే మిస్త్రీ షాఫ్టుల కీళ్ళు మార్చాడు. చక్రాల బేరింగులు మార్చాడు. వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల డబ్బా విప్పి పళ్ళన్నీ తడిమి చూశాడు. చివరికి ముందు షాఫ్టుని ఊడదీసి మూల పడేసి, నూకయ్యని పక్కన కూర్చోబెట్టుకుని వెనక చక్రాల మీదే బండి నడిపాడు. అయినా మూడు, ఒకటి. మిస్త్రీ చేతులు తుడుచుకుని, "దీని లోపల భూత్ ఉంది దాదా" అని నవ్వి టీ తాగాడు.

నూకయ్య నవ్వలేదు.

శ్రావణమాసం ఆదివారం, భోజనాల వేళ. వాన పడుతూ ఆగుతూ ఉంది. సాలువా దగ్గరి బడికి టీచర్లని తీసుకెళ్ళి తెచ్చే పని ఫణీంద్రకి సోమవారంతో మొదలవ్వాలి. నూకయ్య కూడా ఉండగా ఒకసారి ఎక్కి చూసిన టీచరమ్మలు ఆ చప్పుడుకి బెదిరి, బాగుచేయించాకే రమ్మన్నారు. ఈ పని పోతే మళ్ళీ టోటో రిక్షా తోలుకోవాలి. ఇవాళ ఎలాగైనా దాని అంతు చూడాలని పట్టుదల మీదున్నాడు.

"నాన్నా, ఒకటి కనిపెట్టినాను," అన్నాడు పప్పన్నం కలుపుతూ. "నేనొక్కణ్ణే తోలితే ఆ సౌండు రాదు. అమ్మనెక్కించుకున్నా రాదు. నువ్వెక్కితేనే ఒస్తాది."

"బరువురా," అన్నాడు నూకయ్య.

"అమ్మ నీకన్నా బరువే కదా."

"నా బరువు మీ బండికెందుకురా," అంది జోగమ్మ, ఇంకో గరిటె పప్పు వాడి కంచంలో వేస్తూ. "తిను. తిన్నాక సెయ్యి ఇలా ఇయ్యి."

పొద్దున్న సింహాద్రి అప్పన్న పటం ముందు పెట్టిన పసుపు దారం వాడి కుడి మణికట్టుకి మూడు ముళ్ళేసి కట్టింది. ఇనప పని మొదలెట్టేముందు దారం కట్టడం వాళ్ళింట్లో అత్తగారి నాటి నుంచీ ఉంది.

షెడ్డులో పాత రైలుపట్టాల స్లీపరు దుంగలు పేర్చి, జీపుని నాలుగు చక్రాలూ గాల్లో ఉండేలా ఎత్తారు. నూకయ్య లోపల కూర్చుని ఇంజను నడిపించి గేరు వేస్తాడు. చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. అప్పుడు ఫణీంద్ర బండికి ఎడమ పక్కన నేల మీద పడుకుని, పొడుగాటి ఇనప కడ్డీ ఒక కొస డబ్బాకి, ఒక కొస చెవికి ఆనించి వింటాడు. గేరు తీశాక కిందకి దూరి చేత్తో తడిమి చూస్తాడు. రైల్వే వర్క్‌షాపులో ఇదే పద్ధతి.

"కిందకి దూరేముందు బిళ్ళ ఎయ్యాల," అన్నాడు నూకయ్య.

అదీ షాపు పద్ధతే. ప్రతి పనివాడికీ నంబరు కొట్టిన ఇత్తడి టోకెన్ బిళ్ళ ఉంటుంది. బండి కిందకి దూరేవాడు తన బిళ్ళని బండి కదిపే మీట మీద తగిలిస్తాడు. అది అక్కడున్నంతసేపూ మీట ఎవరూ ముట్టుకోరు. ఎవడేస్తే ఆడే తియ్యాలి. పై ఆఫీసరు చెప్పినా సరే.

"నా దగ్గర బిళ్ళెక్కడిది?"

"మీ నాన్నది లేదేట్రా," అని జోగమ్మ లోపలికెళ్ళి, అప్పన్న పటం వెనక నుంచి తీసుకొచ్చింది. ప్రతి శుక్రవారం దీపం కుందులతో పాటు చింతపండు పెట్టి తోముతుంది దాన్ని. తళతళలాడుతోంది. నాలుగు వందల పదిహేడు.

నూకయ్య దాని వైపు చెయ్యి చాపలేదు.

రిటైరయిననాడు ఎవరి బిళ్ళ వాళ్ళు షాపుకి అప్పజెప్పాలి. ఆయనా అప్పజెప్పాడు. ఈ సంగతి జోగమ్మకి తెలియదు. ఈ నాలుగు వందల పదిహేడు తోటి ఫిట్టరు హెన్రీది.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట హెన్రీ ఒక వ్యాగను కింద ఉన్నాడు. సైరను వేళయింది, ఫోర్‌మన్ తొందర పెడుతున్నాడు. బిళ్ళ తీయడం మర్చిపోయి హెన్రీ టీకి పోయినాడనుకుని, నూకయ్య తనే తీసేశాడు. కింద నుంచి సుత్తితో టక్ టక్ టక్, ఆగి, టక్ అని వినబడింది. లోపలున్నాను కదపొద్దు అని దానర్థం. విన్నాడు. పక్క వ్యాగను మీద ఎవడో కొడుతున్నాడనుకున్నాడు. మీట లాగాడు. హెన్రీ చావు మీద జరిగిన విచారణలో, బిళ్ళే లేదన్నాడు. బిళ్ళ అప్పుడు ఆయన జేబులోనే ఉంది. హెన్రీ పెళ్ళాం తబిత వచ్చి, "మా ఆయన బిళ్ళ మర్చిపోయే మనిషి కాడు కదా అన్నా?" అని అడిగితే, కళ్ళలోకి చూసి, "మర్చిపోయినాడమ్మా," అన్నాడు.

జీపులో ఆ చప్పుడు మొదటిసారి విన్ననాడే ఆయనకి తెలుసు.

ఇప్పుడు వద్దనాలంటే, ఎందుకో చెప్పాలి. చెప్పలేదు. ఫణీంద్ర బిళ్ళ తీసుకుని గేరు రాడ్డుకి తగిలించాడు.

"రేకుల మీద వాన మోతకి కేకేస్తే వినబడదు నాన్నా. లోపలున్నానని ఎలా సెప్పాల?"

"రెంచీతో మూడు కొట్టు. ఆగి, ఒకటి."

ఫణీంద్ర వింతగా చూశాడు. "అచ్చం మన సౌండే కదా. కలిసిపోతాది. ఇంకోటి పెట్టుకుందాం."

"బిళ్ళ ఉండగా సప్పుడుతో పనేటి? బిళ్ళ సూసి గేరేస్తాను, సప్పుడిని కాదు. ఆ మెళ్ళో గమ్‌ఛా తీసీ."

"నూనె కళ్ళల్లో పడతంది, తుడుసుకోడానికి ఉండనీ," అని మెడ చుట్టూ ఆ తువ్వాలుతోనే వాడు దూరాడు.

మొదటిసారి బాగానే జరిగింది. లోపల చూసి, బయటికొచ్చి, బిళ్ళ తీసి, పక్కన పడుకుని కడ్డీతో విన్నాడు. రెండోసారీ అంతే. చప్పుడు నడుమ డబ్బాలోంచేనని తేల్చాడు. "లోపలెవరో గోటితో కొడతన్నట్టుంది నాన్నా," అన్నాడు కడ్డీ పక్కన పెట్టి. "ఇంకొక్కసారి దూరి పట్టేస్తాను." మళ్ళీ బిళ్ళ తగిలించి కిందకి జారాడు.

వాన ఒక్కసారిగా మీదపడింది. కరెంటు పోయింది. మధ్యాహ్నం మూడింటికే షెడ్డు నీళ్ళ కుండ లోపలిలా చల్లగా, చీకటిగా అయిపోయింది. కాలిన నూనె వాసన. తడి ఇనుము వాసన. వాటి మధ్య సన్నగా, షాపులో వాడే కార్బాలిక్ సబ్బు వాసన... ఆ సబ్బు ఇంట్లో లేదు.

నూకయ్య స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. ఇంజను నెమ్మదిగా కొట్టుకుంటోంది. గేరు రాడ్డు మీద బిళ్ళ సన్నగా ఊగుతోంది.

స్వామీ, అనుకున్నాడు. ఇది ఒక్కటి గడిపించు. రేపే బిళ్ళ తీసుకెళ్ళి తబిత చేతిలో పెట్టేస్తాను.

ఎడమ పక్క టార్పాలిను తెర కదిలింది.

ఒక చెయ్యి లోపలికొచ్చింది. మోచేతి దాకా నల్ల నూనె. వేళ్ళు తడుముకోలేదు. నేరుగా గేరు రాడ్డు దగ్గరకొచ్చి, బిళ్ళ తీసుకుని, వెనక్కి పోయింది.

"ఒచ్చీసినావేట్రా?" అన్నాడు.

తెర అవతల నుంచి గుసగుసలా... "అయింది. ఎయ్యి."

ఎవడు వేశాడో వాడే తీశాడు. నూకయ్య గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. గేరు వేశాడు. షాఫ్టు తిరిగింది.

టక్ టక్ టక్... టక్.

"ఒచ్చింది. ఇను," అన్నాడు బయటికి వంగి.

టక్ టక్ టక్. టక్.

ఎప్పటికన్నా గట్టిగా ఉంది. దగ్గరగా ఉంది. వేగం పెంచితే ఇంకా తేలిగ్గా పట్టుకుంటాడు కదా అని, కాలు కొంచెం నొక్కాడు.

టక్ టక్ టక్ టక్ టక్...

టక్... టక్.

టక్.

ఆగిపోయింది.

జీపు నెయ్యి రాసినట్టు మెత్తగా తిరుగుతోంది. మూడు నెలల్లో మొదటిసారి ఏ చప్పుడూ లేదు. నూకయ్య ముఖం విప్పారింది. "పోయిందిరా ఫణీ," అన్నాడు. "ఇంటన్నావా? పోయింది."

జోగమ్మ తల మీద చీర కొంగు కప్పుకుని, రెండు గ్లాసులతో టీ పట్టుకుని షెడ్డు గుమ్మంలోకి వచ్చింది. బండి చుట్టూ చూసింది.

"పిల్లడేడండీ?"

"నీ పక్కనే ఉన్నాడు కదే. ఆ ఎడమ పక్క."

ఎడమ పక్కన ఇనప కడ్డీ ఒక్కటే ఉంది. జోగమ్మ వంగి బండి కిందకి చూసింది. గ్లాసులు ఆమె చేతిలోంచి జారిపోయాయి. వానలోనే కూర్చుండిపోయింది.

గమ్‌ఛా షాఫ్టుకి మెలికలు మెలికలుగా చుట్టుకుని ఉంది. వాడి కుడి చేతిలో రెంచీ. పిడికిలి విప్పడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు. ఆ మణికట్టు మీద పసుపు దారం, మూడు ముళ్ళూ అలాగే ఉన్నాయి.

గేరు రాడ్డు దగ్గరకొచ్చిన చేతికి దారం లేదు. ఆ సంగతి నూకయ్యకి అప్పుడు గుర్తొచ్చింది.

పోలీసులు వచ్చి వెళ్ళారు. బిళ్ళ కోసం షెడ్డంతా వెతికారు, దొరకలేదు. మూడోనాడు పలకరింపుకి వచ్చినవాళ్ళలో తబిత కూడా ఉంది. నెరిసిన జుట్టు, తెల్లచీర. జోగమ్మ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది. అందరూ ఉండగా జోగమ్మ మొగుడి వైపు తిరిగి అడిగింది.

"నేనే కదండీ తెచ్చి ఇచ్చినాను. మన పిల్లడు బిళ్ళ మర్చిపోయే మనిషి కాడు కదా?"

గదిలో అందరూ నూకయ్య వైపు చూశారు. చెప్పాల్సినదంతా ఆయన నోటి దాకా వచ్చింది. హెన్రీ పేరు కూడా. కానీ ఇరవై ఎనిమిదేళ్ళుగా అలవాటైన మాటే ముందొచ్చింది.

"మర్చిపోయినాడే."

తబిత తలెత్తి చూసింది. అంతే.

పదకొండోనాటి పొద్దున్న, నూకయ్య పడుకునే గది తలుపుకి బయటి గెడ మీద ఇత్తడి బిళ్ళ వేలాడుతోంది. నాలుగు వందల పదిహేడు. జోగమ్మ వెయ్యలేదు. వాళ్ళింట్లో ఇంకెవరూ లేరు. ఆమె తియ్యబోతే లోపల్నుంచి నూకయ్య, "ముట్టుకోకు," అన్నాడు. "ఎవడేస్తే ఆడే తియ్యాలి. అదున్నంతసేపూ ఏటీ కదలదు."

ఆయన గదిలోంచి బయటికి రాలేదు. జోగమ్మ కిటికీలోంచి అన్నం అందించేది. రాత్రీ పగలూ మంచం కింద గచ్చులోంచి మూడు దెబ్బలు, ఆగి ఒకటి... ఆమెకీ వినబడుతూనే ఉంది. వినబడినప్పుడల్లా లోపల్నుంచి నూకయ్య గుసగుసగా, "బిళ్ళ ఉందా?" అని అడిగేవాడు. "ఉందండీ," అనేది ఆమె. నాలుగు రోజులు అలా గడిచాయి.

ఐదోనాడు తెల్లవారి దీపం పెట్టి, ఆమె ఆ తలుపు దగ్గరకొచ్చింది. గచ్చు నిశ్శబ్దంగా ఉంది.

"బిళ్ళ ఉందా?" అన్నాడు నూకయ్య లోపల్నుంచి.

గెడ ఖాళీగా ఉంది. దాని మీంచి నల్లటి నూనె బొట్టొకటి నెమ్మదిగా కిందకి జారుతోంది.